చీర పడింది రూపాయల్లో, అమ్మింది డాలర్లలో: మిగిలిందెంత?

ప్రశ్న: మాది మంగళగిరి. మగ్గాల దగ్గర నేరుగా కొన్న చీరలు, స్టోల్స్, వాటికి నప్పే పూసల దండలు సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. సైట్ వూకామర్స్ అనే ఆన్‌లైన్ దుకాణం సాఫ్ట్‌వేర్‌తో చేయించాం. మొదట్లో రూపాయల్లోనే అమ్మేవాళ్లం. అమెరికా, యూకే, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్లు అడుగుతున్నారని ఆయా కరెన్సీల్లో ధర చూపించే ప్లగిన్ (సైట్‌కి తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) పెట్టించాం. ప్రతి వస్తువుకీ మాకు ఎంత పడిందో కూడా ఎక్కించాను. ఇప్పుడు రిపోర్ట్ తెరిస్తే డాలర్ ఆర్డర్లన్నీ వేలల్లో నష్టం చూపిస్తున్నాయి. పడిన ధరని డాలర్లలో కూడా ఎక్కించమని మా తమ్ముడు చెప్పాడు. అలా చేస్తే లాభం కనిపించింది గానీ, పోయిన నెల లాభం ఈ నెల తెరిచి చూస్తే ఇంకోలా ఉంటోంది. బ్యాంకులో చూస్తే అంత డబ్బు లేదు, ఎక్కువ అమ్మినకొద్దీ ఇంకా తగ్గుతోంది. ఎందుకు? ఖర్చు ఏ కరెన్సీలో రాయాలి? ఒకే రకం చీరలు వేర్వేరు ధరలకు వస్తే ఏం చేయాలి? అసలు మాకు మిగులుతోందా, లేదా? చాలా టెన్షన్‌గా ఉంది. రెండు ఆర్డర్ల వివరాలు, బ్యాంకు కాగితం, కొరియర్ బిల్లులు, మా ఖర్చుల షీట్ పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, మంగళగిరి

సమాధానం: ముందు ఒక మాట చెబితే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ రిపోర్టులో కనిపిస్తున్న వేల నష్టం నిజం కాదు. అయితే తమ్ముడి సలహా తర్వాత కనిపించిన లాభం కూడా నిజం కాదు. అసలు సంగతి ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంది. మీరు పంపిన ఆర్డర్లతోనే అదెక్కడో తేల్చవచ్చు.

చీర ఆర్డర్ తీసుకుందాం. నేత కుటుంబానికి మీరిచ్చింది 2,800 రూపాయలు. ఫాల్, పికోకి 180. కవరు, అట్ట, చీటీ కలిపి 70. అంటే చీర మీకు 3,050కి పడింది. అమ్మిన ధర 85 డాలర్లు. సైట్ ఏం చేసిందో చూడండి. ఆర్డర్ డాలర్లలో ఉంది కాబట్టి అమ్మకం దగ్గర 85 అని రాసుకుంది. పడిన ధర దగ్గర మీరు ఎక్కించిన 3,050 ఉంది. 85లోంచి 3,050 తీసేసి మైనస్ 2,965 అని తేల్చి, దాని ముందు డాలర్ గుర్తు పెట్టింది. దానికి అవి రెండూ ఉత్త అంకెలు. ఒకటి డాలర్, ఇంకోటి రూపాయి అని దానికి ఎవరూ చెప్పలేదు. కరెన్సీ ప్లగిన్‌కి అమ్మకం ధర మార్చడం తెలుసు. పడిన ధర గడి వేరే ప్లగిన్‌దో, వూకామర్స్ సొంతదో అయి ఉంటుంది. ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే వచ్చే గొడవే ఇది, మీ ఒక్కరి సైట్‌లోనే ఉన్నది కాదు.

తమ్ముడు చెప్పినట్టు 3,050ని 88 రేటు లెక్కన 34.66 డాలర్లుగా ఎక్కించారు. అప్పటికి లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. తర్వాత డాలర్ 90కి వెళ్లిందనుకోండి. అదే 34.66 డాలర్లు 3,119 రూపాయలు అవుతాయి. మీరు నేతన్నకు ఆ తర్వాత ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వలేదు కదా! అయినా మీ చీర ధర 69 రూపాయలు పెరిగినట్టు కంప్యూటర్ చెబుతుంది. పోయిన నెల లాభం ఈ నెల మారిపోవడానికి కారణం ఇదే. పైగా పౌండ్లకు ఒకటి, ఆస్ట్రేలియా డాలర్లకు ఒకటి అని మూడు నాలుగు చోట్ల ధర ఎక్కించాలి. మగ్గం దగ్గర ధర పెరిగిన ప్రతిసారీ అన్నీ దిద్దాలి. ఏదో ఒకటి మర్చిపోవడం ఖాయం.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: డబ్బు ఏ కరెన్సీలో ఇచ్చారో ఖర్చు ఆ కరెన్సీలోనే పుట్టింది, మీ పుస్తకం రూపాయల్లో ఉంది కాబట్టి పడిన ధర రూపాయల్లోనే ఉండాలి. దాన్ని కదపొద్దు. మార్చాల్సింది అమ్మకాన్ని. ఆర్డర్ వచ్చిన రోజు రేటుతో 85 డాలర్లను రూపాయల్లోకి మార్చి, ఆ రేటునీ ఆ రూపాయల మొత్తాన్నీ ఆర్డర్ పక్కనే రాసి, ఇక దాన్ని ముట్టుకోకూడదు. మన అకౌంటింగ్ ప్రమాణాలు చెప్పేదీ ఇదే: లావాదేవీ జరిగిన రోజు రేటుతో నమోదు చేయాలి, తర్వాత డబ్బు చేతికొచ్చేసరికి వచ్చిన తేడాను మారకపు తేడాగా వేరే చూపాలి.

మీ సైట్ చేసిన కుర్రాడిని పిలిచి రెండు విషయాలు అడగండి. ఒకటి, ఆర్డర్ పడిన క్షణంలో ఆనాటి రేటు, పడిన ధర రెండూ ఆ ఆర్డర్‌లోనే దాచిపెడుతున్నారా? లేక రిపోర్ట్ తెరిచినప్పుడల్లా వస్తువు పేజీలో ఉన్న ఇవాళ్టి ధరని లాక్కొస్తున్నారా? రెండోదైతే మీరు ఇవాళ చీర ధర 2,800 నుంచి 3,000కి మారిస్తే, ఏడాది కింద అమ్మిన చీరల లాభం కూడా తగ్గిపోతుంది. రెండు, రిపోర్ట్‌లో అన్ని ఆర్డర్లనూ రూపాయల్లోకి తెచ్చి కూడుతోందా, లేక 85 డాలర్లనూ 5,200 రూపాయలనూ కలిపి 5,285 అంటోందా? ఈ రెండో తప్పు చాలామంది కంట పడదు. అన్నీ కూడిన మొత్తం మాత్రమే చూస్తారు కాబట్టి అమ్మకాలు తగ్గాయేమో అనుకుంటారు.

ఆయన ఇది సరిచేసేదాకా ఆగక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీట్ చాలు. నెలకు వందా నూటయాభై విదేశీ ఆర్డర్ల లోపు ఉంటే, నా మాట వింటే, అసలు షీటే మేలు. ఆర్డర్ నంబర్, తేదీ, కరెన్సీ, ఆ కరెన్సీలో మొత్తం, ఆనాటి రేటు, రూపాయల్లో ఎంత, పడిన ధర, కొరియర్, బ్యాంకులో నిజంగా పడింది ఎంత, తేడా. ఇంతే. రేటు కోసం గూగుల్‌లో ఏది కనిపిస్తే అది వేయకండి. ఒకటే చోటు పెట్టుకోండి. డాలర్, పౌండ్, యూరోలకు పనిదినాల్లో మధ్యాహ్నం ప్రకటించే రిఫరెన్స్ రేటు ఉంటుంది. ఒకప్పుడు రిజర్వ్ బ్యాంక్ తానే ప్రకటించేది, 2018 జులై నుంచి ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ లెక్కకట్టి ఇస్తోంది. ఆదివారం ఆర్డర్ వస్తే అంతకు ముందు పనిదినం రేటు వేయండి. ఆస్ట్రేలియా డాలర్‌కి కస్టమ్స్ వాళ్లు ప్రకటించే రేటు తీసుకోవచ్చు. మీ ఆడిటర్ ఎగుమతి సరుకుకి జీఎస్టీ రిటర్నుల్లో వాడేది కూడా ఆ కస్టమ్స్ రేటే. అందుకని ఆయన చూపే ఎగుమతి మొత్తానికీ మీ షీట్‌కీ కొంచెం తేడా వస్తే కంగారు పడకండి. ఎందుకొచ్చిందో తెలిస్తే చాలు.

ఇప్పుడు అదే చీరను ఈ పద్ధతిలో చూద్దాం. ఆర్డర్ వచ్చిన రోజు రేటు 88. కాబట్టి అమ్మకం 7,480 రూపాయలు. పడిన ధర 3,050 తీసేస్తే 4,430 మిగిలింది. సరిచేసిన రిపోర్ట్ కూడా ఇదే చెబుతుంది, లెక్క తప్పూ కాదు. కానీ ఇక్కడ ఆగితే మోసపోతారు. మీరు పంపిన బ్యాంకు కాగితంలో ఈ ఆర్డర్‌కి పడింది 6,925 రూపాయలే. మిగతా 555 ఏమైంది?

పేమెంట్ గేట్‌వే, అంటే కొన్నవాళ్ల కార్డు నుంచి డబ్బు తీసుకుని మీ బ్యాంకుకి పంపే సంస్థ, ముందుగా 4 డాలర్లు తన ఫీజుగా పట్టుకుంది. 88 లెక్కన అది 352 రూపాయలు. ఇది స్టేట్‌మెంట్‌లో ఒక వరుసగా ఉంటుంది కాబట్టి కనిపిస్తుంది. రెండోది కనిపించదు. మిగిలిన 81 డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు బజారు రేటు 88 కాకుండా తన సొంత రేటు 85.50 వేసింది. డాలర్‌కి రెండున్నర రూపాయలు, 81 డాలర్లకు దాదాపు 203. దీన్ని ఫీజు అని ఎక్కడా రాయరు. ఈ రేటు తేడా ఒక్కో గేట్‌వేకి ఒక్కోలా ఉంటుంది. గేట్‌వే ఎంచుకునేటప్పుడు అందరూ ఫీజు శాతం అడుగుతారు గానీ రేటు అడగరు. మీరు అడగండి. బ్యాంకులో పడిన రూపాయలను గేట్‌వే ఫీజు పోను మిగిలిన డాలర్లతో భాగిస్తే ఆ రేటు మీకే తెలిసిపోతుంది. ఒకసారి చేసి చూస్తే గేట్‌వే మారాలో వద్దో మీరే చెప్పగలరు.

తర్వాత కొరియర్ 1,900. ఆ 6,925లోంచి చీర ధర, కొరియర్ తీసేస్తే చేతిలో మిగిలింది 1,975. రిపోర్టులోని 4,430లో సగం కూడా లేదు. ఇందులోంచే ప్రకటనల ఖర్చు, ఫొటోలు, మీ కష్టం రావాలి. అయినా ఈ చీర మీకు గిట్టుబాటే. సందేహం పెట్టుకోకండి.

రెండో ఆర్డర్ చూసి మాత్రం నాకు బాధేసింది. 24 డాలర్ల స్టోల్. మీకు 650కి పడింది. రూపాయల్లో అమ్మకం 2,112. రిపోర్ట్ ప్రకారం 1,462 లాభం, అంటే పడిన ధరకి రెండింతలకు పైగా! మీరు దాన్ని బాగా అమ్ముడుపోయే సరుకని మొదటి పేజీలో పెట్టి ప్రకటనలు కూడా ఇస్తున్నారని రాశారు. గేట్‌వే ఫీజు 1.40 పోను 22.60 డాలర్లు, 85.50 లెక్కన 1,932 రూపాయలు బ్యాంకులో పడ్డాయి. కొరియర్ అరకిలో చార్జీ 1,500. స్టోల్ 650. మొత్తం 2,150 ఖర్చు, 1,932 రాబడి. ఒక్కో స్టోల్‌కి 218 రూపాయలు మీరు చేతి నుంచి వేసుకుంటున్నారు, ప్రకటన ఖర్చు కాకుండానే. ఎక్కువ అమ్మినకొద్దీ బ్యాంకులో ఎందుకు తగ్గుతోందని మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

తూకం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ కొరియర్ బిల్లుల్లో ఒక విషయం కనిపించింది. కొరియర్ వాళ్లు అరకిలో చొప్పున పైకి లెక్కేస్తారు. మీ చీర పార్సిల్ 620 గ్రాములు, చార్జీ కిలోకి. అంటే 380 గ్రాములకు మీరు డబ్బు కట్టి ఖాళీగా పంపుతున్నారు. 250 గ్రాముల స్టోల్‌ని అదే పార్సిల్‌లో పెడితే కొరియర్ ఒక్క రూపాయి కూడా పెరగదు. అప్పుడు 24 డాలర్ల స్టోల్ మీద నష్టం పోయి దాదాపు 1,300 మిగులుతుంది. ఇక పెట్టె. తేలికైన సరుకైతే కొరియర్ వాళ్లు బరువు బదులు పెట్టె పరిమాణం చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. బరువు, ఈ అంకె, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. మామూలు పెట్టె 30, 25, 6 సెంటీమీటర్లు: 0.9 కిలో, కిలో లోపే. పండగకి మీరు చేయించిన గిఫ్ట్ పెట్టె 35, 28, 8: దాదాపు 1.57, అంటే రెండు కిలోల చార్జీ. పెట్టె ఖరీదు 90 రూపాయలని షీట్‌లో రాశారు. దాని అసలు ఖరీదు అది కాదు, అదనపు కిలో కొరియర్‌తో కలిపి చూడాలి. అంత ముచ్చటగా ఉన్న పెట్టెని మానేయమనలేను, ఎత్తు తగ్గించి చేయించండి.

మీ షీట్‌లో పూసల లెక్క రూపాయల్లో కాక డాలర్లలో ఉంది, ఎందుకంటే చైనా నుంచి తెప్పించి డాలర్లలో కట్టారు. ఇక్కడా అదే సూత్రం, ఇటునుంచి అటు. 300 డాలర్ల సరుకు, ఆనాటి రేటు 86.20 అయితే 25,860 రూపాయలు. దానికి రవాణా, కస్టమ్స్ సుంకం, క్లియరింగ్, బ్యాంకు చార్జీలు కలిపి మీరిచ్చిన 6,540 చేర్చండి. 32,400. వచ్చినవి 400 దండలకు సరిపడా. దండకి పూసల ఖర్చు 81 రూపాయలు. ఆ పూసలు గూట్లో ఉన్నంతకాలం అది 81 రూపాయలే. డాలర్ పెరిగినా తగ్గినా దిద్దొద్దు. తర్వాతి సరుకు వేరే రేటుకి వస్తే అది వేరే ధర. అయితే దిగుమతి మీద కట్టిన జీఎస్టీని (దాన్ని ఐజీఎస్టీ అంటారు) ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునో రీఫండ్‌గానో వెనక్కి తీసుకుంటున్నట్లయితే దాన్ని ఈ 6,540లో కలపకండి. తిరిగొచ్చే డబ్బు ఖర్చు కాదు. ఎగుమతి మీద జీఎస్టీ కట్టకుండా పంపడానికి ఇచ్చే ఎల్‌యూటీ అనే హామీ పత్రాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా ఇవ్వాలి. ఆ సంగతి ఏప్రిల్‌కి ముందే ఆడిటర్‌కి గుర్తుచేయండి.

ఒకే రకం చీరలు వేర్వేరు ధరలకు వస్తే ఏం చేయాలని కూడా అడిగారు. సంక్రాంతికి కొన్నవాటిలో 2,600వి 8 మిగిలాయి, తర్వాత 2,800 చొప్పున 12 తెచ్చారు. సగటు తీయండి: మొత్తం 54,400, ఇరవై చీరలు, చీరకి 2,720. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా మళ్లీ సగటు. ముందొచ్చింది ముందు అమ్ముడైందనే పద్ధతీ ఒప్పుకుంటారు. ఏదో ఒకటి పట్టుకుని దాంతోనే ఉండండి. ఒక్క చీరే ఉండే డిజైన్లకు సగటు అక్కర్లేదు. దాని చీటీ మీదే దాని ధర. పాత బట్టల కొట్లలో కొన్న ధరని తమకే అర్థమయ్యే అక్షరాల్లో చీటీ మీద రాసుకునేవారు. వస్తువుతో పాటే దాని ఖరీదు కూడా ప్రయాణం చేస్తుంది కాబట్టి అది ఇప్పటికీ మంచి పద్ధతే. సైట్‌లో ఒక్కో వస్తువుకీ ఇచ్చే ఎస్‌కేయూ కోడ్‌లో అలా కలిపేయవచ్చు.

పన్నుల విషయంలో ఆడిటర్‌తో కూర్చోవాలి గానీ, ధరల లెక్కకి కావాల్సింది చెబుతాను. యూకేకి 135 పౌండ్ల లోపు సరుకు నేరుగా అమ్మితే 2021 జనవరి నుంచి అక్కడి అమ్మకపు పన్ను వ్యాట్‌ని అమ్మేవాళ్లే, అమ్మేటప్పుడే వసూలు చేసి కట్టాలి. 20 శాతం. అంటే కొనేవాళ్ల దగ్గర 78 పౌండ్లు తీసుకుంటే మీది 65 మాత్రమే, 13 అక్కడి ప్రభుత్వానిది. షీట్‌లో అమ్మకం దగ్గర 65 రాయాలి. ఆస్ట్రేలియాలో ఏడాదికి అక్కడి అమ్మకాలు 75,000 ఆస్ట్రేలియా డాలర్లు చేరితే 10 శాతం జీఎస్టీ బాధ్యత వస్తుంది. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం లేదన్న వెసులుబాటు 2025 ఆగస్టు 29తో పోయింది. అదే నెలలో మన సరుకు మీద అదనపు సుంకం ముందు 25 శాతం, తర్వాత 50 శాతం అయింది. అవి అప్పటి రేట్లు, మారుతూ ఉంటాయి కాబట్టి పార్సిల్ కట్టే ముందు కొరియర్ వాళ్లని అడిగి వేసుకోండి. మీరు పంపిన చీర ఆర్డర్‌లో సుంకం కొన్నావిడే కట్టుకున్నారు కాబట్టి మీకు 1,975 మిగిలింది. అదే మీరు ముందే కట్టి పంపే పద్ధతైతే అది కూడా మీ ఖర్చే. సుంకం ఎవరిదో సైట్‌లో స్పష్టంగా రాయకపోతే పార్సిల్ వద్దని వెనక్కి పంపేస్తారు. అప్పుడు చీరతో పాటు రానూ పోనూ చార్జీలు మీ నెత్తిన పడతాయి.

రీఫండ్ల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. 85 డాలర్లు వెనక్కి ఇచ్చేరోజు రేటు 90 అయితే మీ చేతి నుంచి పోయేది 7,650. మీకు మొదట్లో వచ్చింది 6,925. గేట్‌వే తన ఫీజు చాలావరకు తిరిగివ్వదు. చీర తిరిగి రాకపోతే 3,050 కూడా పోయినట్టే. కాబట్టి రీఫండ్ ఇచ్చిన ఆర్డర్‌ని షీట్‌లోంచి చెరిపేయకండి. కింద ఇంకో వరుసగా, ఆనాటి రేటుతో రాయండి.

మారకపు తేడాని వేరే గడిలో ఎందుకు ఉంచమన్నానో కూడా చెప్పాలి. 2022 అక్టోబరులో డాలర్ మొదటిసారి 83 దాటింది, 2025 డిసెంబరులో 90 దాటింది. ఈ మధ్యకాలంలో మీ డాలర్ ధర ఏమీ మార్చకపోయినా రూపాయల్లో రాబడి పెరిగి ఉంటుంది. అది రూపాయి పడిపోవడం వల్ల వచ్చింది, వ్యాపారం బాగుపడడం వల్ల కాదు. రెండూ కలిసిపోతే నేతవాళ్లకి కూలి పెంచగలమా, సరుకు ఎక్కువ తెచ్చిపెట్టుకోవచ్చా అన్నది తెలియక తప్పుడు నిర్ణయం తీసుకుంటారు. మగ్గం మీద కూర్చున్న మనిషికి మీరిచ్చే మాట ఈ అంకె మీద నిలబడి ఉంది. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ఈ వారంలో చేయాల్సింది ఒక్కటే. గత మూడు నెలల విదేశీ ఆర్డర్లలోంచి చీరలు పది, స్టోల్స్ పది, దండలు పది తీసి, పైన చెప్పిన గడులు నింపండి. తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకోండి, అంకెలు ఎక్కించడంలో ఆయన సాయం పనికొస్తుంది. గేట్‌వే నుంచి డబ్బు రెండు మూడు రోజులు ఆలస్యంగా, కొన్ని ఆర్డర్లు కలిపి పడుతుంది కాబట్టి నెలాఖరు ఆర్డర్ల కోసం తర్వాతి నెల మొదటి వారం స్టేట్‌మెంట్ కూడా దగ్గర పెట్టుకోండి. అది పూర్తయ్యేదాకా స్టోల్స్ ప్రకటన ఆపేయండి. విదేశాలకు స్టోల్ ఒక్కటే ఆర్డర్ చేయకుండా, చీరతో గానీ కనీసం రెండేసి గానీ తీసుకునేలా సైట్‌లో మార్పించండి. దండల అమ్మకం సంగతి ఏమిటో నాకు పంపిన కాగితాల్లో లేదు. పది ఆర్డర్లు లెక్కేశాక అవి కూడా స్టోల్స్ దారిలోనే ఉన్నట్టు తేలితే మళ్లీ రాయండి, ధర ఎంత పెట్టాలో కలిసి చూద్దాం.